అడగని కమాండు

ఎమ్మిగనూరు నుంచి ఆదోని వెళ్లే బస్సులో ఇద్దరు ఇంజనీర్లు, ఒకతను, అతని సీనియర్ ఒకామె, పక్కపక్కనే కూర్చున్నారు. తప్పెవరిదో రాసి సాయంత్రంలోగా పంపవలసిన నివేదిక అతని ఒడిలో ఉంది. ఆమె దృష్టి ఆ కాగితం మీదే నిలిచింది.

"మన ఆఫీసులో కొత్తగా చేరిన కృపను పనిలోంచి తీసేస్తాండారక్కా. ప్రాసెసర్ నంబరు ఇయ్యకుండా, పని మధ్యలో ఆపే ఇంటరప్ట్ కమాండు పంపింది. కంప్యూటర్ లోపల నడిచే వర్చువల్ మెషిన్ మొత్తం నిలిచిపోయింది."

"నంబరు లేకపోతే అన్ని ప్రాసెసర్లకూ పోతుందని ఆ పాపకు యాడ తెలుస్తుందప్పా?"

"మాన్యువల్‌లో ఉందంట కదా."

"ఏ పేజీలో?"

"నేనెప్పుడు సదివినాను?"

"సదవకుండానే ఆ పాప మీద రాసినావా? ఏ ప్రాసెసర్‌కని కమాండే అడగాల్సింది."

"ఆ కమాండు తయారుచేసినోళ్లనే నిలదీయాల."

ఆమె పెన్ను తీసి అతని చేతికిచ్చింది.

"మాటిమాటికీ అడిగితే వాడేటోళ్లు విసుక్కుంటారని ఆ ప్రశ్న కమాండులోంచి తీసేసింది నేనే. కృప పేరు కొట్టేసి నా పేరు రాయి."

"ఈ నెలలో నీ ప్రమోషన్ ఉందే అక్కా!"

"ఇంటిపేరుతో సహా రాయప్పా."