ఇరవై నాలుగో పోర్టు

ఉదయం తొమ్మిదీ ఇరవై. ఒకే కాలేజీలో పనిచేసే వదినకు మరిది బస్సులోంచి ఫోన్ చేశాడు.

“...నాకు కాదు వదినా, మా ఫ్రెండుకి. వాడికో చిన్న డౌటొచ్చింది, అంతే.”

“వదినా? ఇదేంటబ్బాయ్ కొత్తగా! మూడు నెలల నుంచి కాలేజీలో మేడం, ఇంట్లో ‘ఇదిగో’. ఇవాళ వదిన గుర్తొచ్చిందా?”

“అబ్బా, తర్వాత తిడుదువుగాని. బస్సులో ఉన్నాను, సిగ్నల్ పోయేట్టుంది. మా ఫ్రెండు ఒక స్విచ్‌లో...”

“స్విచ్ అంటే? ఫ్యానుదా, లైటుదా?”

“వదినా!”

“నాకేం తెలుస్తుంది నాయనా? స్టోర్సులో డస్టర్లు పంచేదాన్ని. నెట్‌వర్క్ పని రోజుకి రెండు గంటల పని, దానికి ఒక మనిషంతా దేనికి, నేనే చూసుకుంటానని ప్రిన్సిపాల్ గారి గదిలో తమరే కదా సెలవిచ్చింది.”

“అది... ఏదో మాటవరసకి అన్నాను.”

“మాటవరసకే నా కుర్చీ లాగేశావు. ఉద్యోగం ఇప్పించిన చెయ్యే కదా అని కూడా అనుకోలేదు. ఆ రోజు ఇంటికొస్తే నాకు అన్నం సహించలేదు, తెలుసా? నువ్వు మాత్రం పక్కనే కూర్చుని రెండోసారి వడ్డించుకున్నావు.”

“ఆకలేసింది వదినా. ఇప్పుడవన్నీ ఎందుకు?”

“సరే, ఆ ఫ్రెండుగారు ఏం ఘనకార్యం చేశాడు?”

“కంప్యూటర్ల కేబుళ్ళన్నీ గుచ్చే ఆ స్విచ్ పెట్టెలో వాడుకలో లేని పోర్టులు మూసెయ్యాలనుకున్నాడు. భద్రత కోసం. ఎవడు పడితే వాడు కేబుల్ తెచ్చి గుచ్చకుండా.”

“మంచి పనే. నేనూ చేసేదాన్ని. ఒక్కొక్కటీ చూసుకుని.”

“వాడు ఒక్కొక్కటీ చూడలేదు. ఒకటి నుంచి ఇరవై నాలుగు దాకా ఒక్క దెబ్బకి మూసేసి, కావాల్సినవి తర్వాత తెరుద్దామనుకున్నాడు.”

“ఆహా! పక్క భవనం నుంచి ఆ స్విచ్‌కి లైను వచ్చే పోర్టు ఏది?”

“...ఇరవై నాలుగు.”

“వాడు స్విచ్‌లోకి ఎటునుంచి వెళ్ళాడు?”

“ఇంటి నుంచి. అంటే, ఆ లైను మీదుగానే.”

“కూర్చున్న కొమ్మని నరుక్కున్నాడన్నమాట.”

“నరుక్కున్నాడని తెలియలేదు. తెర ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. ఎన్నిసార్లు ఎంటర్ కొట్టినా పలకలేదు.”

“ఎన్నింటికి?”

“పొద్దున్న ఆరింటికి.”

“లేచి, మొహం కడుక్కుని, బల్ల ముందు కూర్చునేనా?”

“లేదు, దుప్పట్లోంచే.”

“ఫ్రెండు దుప్పటి సంగతులు కూడా నీకు తెలుసే!”

“ఏడిపించకు వదినా. నేనే. చేసింది నేనే. చాలా?”

“ఏ స్విచ్?”

“అదే... పెద్ద హాలుది.”

“ఏ పెద్ద హాలు?”

“పరీక్ష హాలు.”

“ఇవాళ పదింటికి ఆన్‌లైన్ పరీక్ష జరిగే హాలా?”

“ఊఁ.”

“రెండొందల నలభై మంది పిల్లలు వచ్చి కూర్చుంటారు. హాల్లో మిగతా స్విచ్‌లన్నిటికీ లైను దాంట్లోంచే, ఒక్క కంప్యూటర్‌కీ ప్రశ్నపత్రం రాదు.”

“తెలుసు వదినా! తెలిసే కదా చెమటలు కారిపోతున్నాయి. పరీక్ష ఆగిందంటే నా ఉద్యోగం ఊడినట్టే. ఇంకా పర్మనెంటు కూడా చెయ్యలేదు నన్ను.”

“పరీక్ష రోజున స్విచ్‌ల జోలికి వెళ్ళొద్దని నీకు రాసిచ్చాను. కాగితంలో మొట్టమొదటి మాటే అది.”

“కాగితం చదవలేదు.”

“ఎందుకని?”

“నీ చేతిరాత...”

“నా చేతిరాతా! నీ ఉద్యోగానికి అప్లికేషన్ రాసింది ఈ చేతిరాతే. అందులో ‘మిక్కిలి శ్రద్ధ గలవాడు’ అని కూడా రాశాను. అంత పచ్చి అబద్ధం రాసినందుకు నాకు ఈ మాత్రం శాస్తి జరగాల్సిందే.”

“అన్నయ్యనైనా అడుగుదామంటే...”

“అడుగు. ఇంట్లో వైఫై రాకపోతే మీ అన్నయ్య ఫోన్ పైకెత్తి ఊపుతారు. ఆ విద్య నీకూ నేర్పిస్తారు.”

“నీ కాళ్ళు పట్టుకుంటాను వదినా. టైము తొమ్మిదిన్నర అయిపోతోంది.”

“కాళ్ళ సంగతి తర్వాత. ఒక్కటి అడుగుతాను, ఆలోచించి చెప్పు. సేవ్ చేశావా?”

“ఏం సేవ్?”

“రామ రామ! మార్పులు చేశాక సేవ్ కొట్టాలి. కొట్టకపోతే స్విచ్ వాటిని అప్పటిమటుకే గుర్తుపెట్టుకుంటుంది. కరెంటు పోయి వచ్చిందంటే అన్నీ మర్చిపోయి పాత పద్ధతికి వెళ్ళిపోతుంది. కొట్టావా, లేదా?”

“కొట్టడానికి ఏదీ, ఈలోపే తెర పోయిందిగా!”

“నక్కతోక తొక్కావు అబ్బాయ్. పని సగంలో వదిలేసినందుకు మేలు జరగడం నీ జన్మలో ఇదే మొదటిసారి అనుకుంటా.”

“అంటే?”

“స్విచ్ ప్లగ్గు పీకి, పది లెక్కపెట్టి, మళ్ళీ గుచ్చడమే. ఐదు నిమిషాల్లో అదే లేచి కూర్చుంటుంది.”

“అంతేనా? వదినా, నువ్వు దేవతవి!”

“ఆ దేవతనే కదా స్టోర్సులో ప్రతిష్ఠించావు. వెళ్ళి పీకు మరి.”

“నేను వచ్చేసరికి గంట పడుతుంది. ట్రాఫిక్కులో బస్సు కదలడంలేదు. నువ్వు కాలేజీలోనే ఉన్నావుగా, నువ్వు వెళ్ళి పీకెయ్.”

“స్విచ్ గదికి తాళం ఉంటుంది.”

“ప్రిన్సిపాల్ గారి దగ్గరుంది. అడుగు, ఇస్తారు.”

“స్టోర్సులో ఉన్నదానివి, ఆ గదితో నీకేం పనని అడిగితే?”

“అదే... అక్కడే చిన్న మెలిక ఉంది.”

“నీళ్ళు నమలకు.”

“నువ్వే పొరపాటున మూసేశానని చెప్పు.”

“ఏంటీ?”

“అరవకు, విను. నీకు పోయేదేముంది చెప్పు? నిన్ను ఇప్పటికే స్టోర్సులో పడేశారు, అంతకన్నా కింద ఇంకో గది లేదుగా. పదకొండేళ్ళ నుంచి ఉన్నావు, ఓ మాట అని ఊరుకుంటారు. నన్నయితే ఇవాళే గెంటేస్తారు. అమ్మ ఏమైపోతుందో ఆలోచించు.”

“అత్తయ్యగారిని మధ్యలోకి లాగకు. డస్టర్లు పంచేదాన్ని పోర్టులు మూశానంటే ఎవరు నమ్ముతారు?”

“నమ్ముతారులే.”

“ఎలా?”

“హలో? హలో? సిగ్నల్...”

“సిగ్నల్ భేషుగ్గా ఉంది. నీ ఊపిరి కూడా వినపడుతోంది. ఎలా నమ్ముతారు?”

“రికార్డులో ఉందిగా. ఎవరు ఏం టైప్ చేసినా, ఆ పని జరిగేలోపే స్విచ్ రాసిపెట్టి ప్రిన్సిపాల్ గారి కంప్యూటర్‌కి పంపిస్తుందిగా, పేరుతో సహా.”

“ఎవరి పేరుతో?”

“...నీ పేరుతో.”

“నా పేరెందుకుంది అందులో?”

“పని అప్పగించిన రోజు నీ లాగిన్ ఇచ్చావుగా. దాంతోనే చేస్తున్నాను.”

“ఆ ఒక్కరోజుకి ఇచ్చాను. నీకంటూ వేరే లాగిన్ పెట్టుకుని నాది తీసెయ్యమన్నాను.”

“పెట్టుకుందామనే అనుకున్నా. నీ పేరు మూడే అక్షరాలు, నాది బారెడు. పొద్దస్తమానం టైప్ చెయ్యలేక...”

“మూడు నెలల నుంచీ?”

“మూడు నెలల నుంచీ.”

“అంటే, పొద్దున్న ఆరింటికి నా పేరు పెట్టుకుని పరీక్ష హాలు స్విచ్‌ని మూసింది నువ్వు. ఇప్పుడు ఆ తప్పు నన్ను ఒప్పుకోమంటున్నది కూడా నువ్వే.”

“నేనే, నేనే! ఎన్నిసార్లు చెప్పించుకుంటావు? ఇంతకీ ప్రిన్సిపాల్ గారిని తాళం అడుగుతావా, అడగవా?”

“అడుగుతున్నా, ఇదిగో. సార్, స్పీకర్లో అంతా విన్నారుగా? గంట నుంచీ మీ ఎదురుగా నిలబడి నేను కాదు మొర్రో అంటూనే ఉన్నాను. ఇకనైనా ఆ తాళం ఇలా ఇవ్వండి, వెళ్ళి ప్లగ్గు పీకొస్తాను.”