తేనె వేలు

పందొమ్మిది వందల డెబ్బై ఆరు, గచ్చిబౌలి. రుక్కమ్మ ఇల్లు. కోడలు భూలక్ష్మి ఒళ్ళో ఆరు రోజుల పసివాడు.

“ఇగ చాలు, భూలక్ష్మీ. ఎండిన బోరింగు కొట్టినట్టు ఎంతసేపు పట్టుకుంటవ్? పొద్దుగాల నీ మొగడు మొగిలి బండి కడ్తడు. పోరన్ని బాచుపల్లిల నా బిడ్డ నాగేశ్వరి కాడ దించొస్తడు. దానికి పాలకు కొదువ లేదు.”

“మరి నేను, అత్తమ్మా?”

“నువ్వెందుకు? నీతోని ఏం పని?”

“రవికె తడిసింది, సూడుండ్రి. పాలున్నయ్.”

“తడి సూపిస్తె వాని కడుపు నిండుతదా? తల్లి లేనిదాన్ని తెచ్చుకుంటె పురుడు గూడ నా నెత్తినే పడ్డది.”

“వాడే గుంజుతలేడు.”

“ఆఁ, తప్పు వానిదే. కుక్కపిల్ల కండ్లు తెరవకముందే గుంజుతది. వీని అయ్య మామిడిపండు జుర్రితె టెంక తెల్లగయ్యేది. మా ఇంట్ల గుంజరానోడు పుట్టలే.”

“నోట్లె గాలి సప్పుడైతది. బోరింగుల తోలు బిళ్ళ అరిగినప్పుడు గిట్లనే గాలి గుంజె, నీళ్ళు రాకపోయె.”

“ఓహో. బోరింగు మిస్త్రీవి గూడ అయినవా?”

“చేత్తోని పిండి పోస్తె ముక్కులకెల్లి వచ్చినయ్, అత్తమ్మా.”

“పాలే లేనిదానివి, ముక్కులకెల్లి ఏం రప్పిచ్చినవ్?”

“మీరే సూడుండ్రి. ఒక్కసారి.”

“సూసుడెందుకు, నీకే సూపిస్త. ఆ తేనె సీస ఇటియ్యి. ఏలు నోట్లె పెడ్త. వాడు గుంజిండనుకో, ఇగ మాట్లాడకుంట పోరన్నియ్యాలె.”

“గట్లనే.”

“రారా నా తండ్రి. గుంజు. మీ అమ్మకు సూపియ్యి. గుంజురా... గుంజు, బిడ్డా...”

“అత్తమ్మా?”

“ఆగు.”

“ఏమైంది?”

“అంగిట్ల తొర్ర ఉన్నది. ఏలు లోపల్కి పోతున్నది.”

“అంటే?”

“అంటే వాడు గుంజలేడు. గిన్నె తే. పాలు పిండు. దూదితోని సుక్క సుక్క పోద్దాం. పొద్దుగాల బండి దవాఖానకు పోతది. నువ్వు గూడ పోతవ్.”

“మరి మీరెందుకు ఏడుస్తున్నరు, అత్తమ్మా?”

“మొగిలి కంటె ముందు నాకొక కొడుకు పుట్టిండు. గిట్లనే పాలు గుంజక, ఆకలికి ఏడ్చి ఏడ్చి పోయిండు. నాకు పాలు లేవన్నది మా అత్త. గిన్నేండ్లు నేను నమ్మిన.”