బ్రేకు లైటు ఆరేదాకా

షెడ్డు ముందు ఆగిన పాత కారు. స్టీరింగు దగ్గర కూతురు, పక్క సీట్లో తల్లి, కిటికీలోంచి తల లోపలికి పెట్టిన మెకానిక్.

“బ్రేకు లైటు మళ్ళీ వెలిగిందా అమ్మగారూ?”

“ఆరితే కదా బాబూ, మళ్ళీ వెలగడానికి. నీ గేటు దాటామో లేదో, ఆ స్టీరింగు వెనక నుంచి నిప్పు కణికలా నన్నే చూడ్డం మొదలెట్టింది. మా బుల్లితో ముందే అన్నాను, దీనికి పోయేకాలం వచ్చిందే అని.”

“కారుకా అమ్మా, మనకా?”

“నోర్ముయ్యి. బండిలో కూర్చుని ఆ మాటలేంటి.”

“చూడండమ్మగారూ. బ్రేకాయిల్ నిండుగా ఉంది. ప్యాడ్లు కొత్తవి వేశాను. వైర్లన్నీ విప్పి చూశాను. హ్యాండ్ బ్రేకు కింద స్విచ్చి కూడా మార్చాను. నిన్నంతా నేనే తిప్పాను, ఒక్కసారి వెలగలేదు.”

“నీ దగ్గర బుద్ధిగానే ఉంటుంది. డాక్టర్ని చూడగానే జ్వరం దిగిపోయినట్టు. ఇంటికి పోగానే మళ్ళీ మూలుగు.”

“పోనీ మేస్త్రీ గారూ, ఇంకో వారం మీ దగ్గరే ఉంచుకుని చూడండి.”

“వారమేంటే? రేపేగా నువ్వు ఉద్యోగంలో చేరేది. ఊరవతల ఆఫీసు బాబూ. పెద్ద ఫ్లైఓవరు ఎక్కాలి, అటో లారీ ఇటో లారీ. లైటు ఆరితే ఒక్కదాన్నే పంపిస్తానని మాటిచ్చాను. ఆరకపోతే నేనూ వెళ్తాను.”

“ఆఫీసులోకా?”

“లోపలికి రానిస్తారా? కారులోనే కూర్చుంటా, సాయంత్రం దాకా.”

“మరి అయ్యగారు?”

“ఆయన దీని పక్కన ఒక్కసారి కూర్చున్నారు. దిగాక రెండు రోజులు మాట్లాడలేదు.”

“ఇంకో సంగతి అమ్మగారూ, వెనక చక్రాలు ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంటోంది. అదే అంతుపట్టడం లేదు. నేను వెనక ఎక్కుతాను, అలా ఒక రౌండు వేసొద్దాం.”

“బెల్టు పెట్టుకో బాబూ.”

“వెనక సీట్లో కూడానా?”

“వెనకే పెట్టుకోవాలి. ముందున్న మేం పోతే, ఎలా పోయామో చెప్పడానికి ఒకరైనా మిగలొద్దూ?”

“అమ్మా, ఇంకా గేటు కూడా దాటలేదు.”

“దాటావుగా ఇప్పుడు. అదిగో, లైటు వెలిగింది. చూశావా బాబూ? బుల్లీ, లారీ.”

“అది ఆగి ఉందమ్మా.”

“ఆగిన లారీ కదలదని రాసిచ్చారా నీకు? కుక్క, కుక్క.”

“చూశాను. అదీ మనల్ని చూసింది. చూసే గోడెక్కింది.”

“మలుపు. మెల్లగా. మెల్లగా అన్నానా.”

“అమ్మగారూ, ఒక్క మాట.”

“మలుపు తిరగనీ బాబూ.”

“మీ చెయ్యి ఎక్కడుంది?”

“ఒళ్ళోనే ఉంది.”

“అది కాదు, ఇంకో చెయ్యి.”

“దాన్నీ ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలిగా.”

“హ్యాండ్ బ్రేకు మీదుంది.”

“ఊరికే ఆన్చాను.”

“ఆన్చలేదు. పైకి లాగి పట్టుకున్నారు. ఒకసారి పూర్తిగా కిందికి దించి వదలండి.”

“వదిలితే?”

“ఏమీ కాదు.”

“అలాగే అంటారు అందరూ. మొన్న స్కూటరువాడు అడ్డమొస్తే బండి ఎవరి వల్ల ఆగిందనుకున్నావు? ఇది కాలితో తొక్కింది, నేను చేత్తో లాగాను.”

“వదలండమ్మగారూ.”

“వదిలాను. ఏమైనా అయితే నీదే బాధ్యత.”

“ఇప్పుడు లైటు చూడండి.”

“ఆరిపోయింది.”

“కొంచెం లాగండి.”

“వెలిగింది.”

“వదలండి.”

“ఆరింది. అంటే బాబూ…”

“అంటే నేను చక్రాలన్నీ ఊడదీసి వెతికింది మీ అరచేతిని. హ్యాండ్ బ్రేకు లాగి ఉంటే ఆ లైటు వెలుగుతుంది. వెలగడమే దాని పని. బ్రేకు లాగుతూ బండి తోలితే వెనక చక్రాలు మాడక ఏం చేస్తాయి?”

“నేనేదో ప్రాణాలు గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాను గానీ…”

“ప్రాణాలు కాదు, హ్యాండ్ బ్రేకు. బండికి ఏ రోగమూ లేదు. బ్రేకులు నా సొంత బండికన్నా బాగున్నాయి. రేపు అమ్మాయి నిశ్చింతగా ఒక్కతే వెళ్ళొచ్చు.”

“ఫ్లైఓవరు మీద కూడానా?”

“ఫ్లైఓవరు మీద కూడా.”

“సరే. ఇచ్చిన మాట ఇచ్చిందే. ఇన్నాళ్ళూ నీకు అడ్డం పడింది నేనే బుల్లీ. రేపు నేను ఇంట్లోనే ఉంటా. గంటకోసారి ఫోన్ చేస్తా, అంతే. పోనీ, రెండుసార్లు. ఏంటే, పక్కకి తీసి ఆపేశావు?”

“మేస్త్రీ గారూ, అమ్మ చెయ్యి చూడమని మిమ్మల్ని ఎవరడిగారు?”

“అదేంటమ్మాయ్, నీకు ముందే తెలుసా?”

“మొదటి రోజు నుంచీ.”

“తెలిసీ నాచేత బండంతా విప్పించావా? ఎందుకూ?”

“లైటు ఆరితే ఆ ఫ్లైఓవరు నేనొక్కదాన్నే ఎక్కాలి కదండీ. అమ్మా, చెయ్యి మళ్ళీ అక్కడే పెట్టు.”