టీచరమ్మ గేటు కాడ బాతుల మంద

మైపాడు దారిలో, ఇందుకూరుపేట దాటినాక ఒక చిన్న మిద్దె ఇల్లు. గేటు లోపల రిటైరైన ఇంగ్లీషు టీచరు రెబెక్కమ్మ. గేటు బయట బాతుల జీవానందం, ఆయన వెనకాల బాతులు.

“ఫ్లాక్.”

“ప్లాకు.”

“ఫ్లా... సరే, ప్లాకే కానీండి. గొర్రెలకు ఫ్లాక్, మీ బాతులకూ ఫ్లాకే. ఆవులకు హెర్డ్. చేపలకు స్కూల్.”

“చేపలకు స్కూలేంది టీచరమ్మా! మా మనవడు పోనని రోజూ ఏడుస్తాడు, చేపలు పోతాయా?”

“పేరు పెట్టినోళ్లను అడగండి, నన్నడిగితే? కాకుల గుంపును ఏమంటారో తెలుసా? మర్డర్.”

“అయ్యో ప్రభువా! పాపం, అవేం చేసినాయి?”

“మీ బాతులు చేసేదానికన్నా తక్కువే. అదిగో, ఆ రెండూ కనకాంబరాల మడిలో దూరినాయి చూడండి, చూడండి!”

“హేయ్! ఇట్రా, ఇట్రా... వచ్చేసినాయి లెండి. మరి నీళ్లలో ఉంటే?”

“నీళ్లలో తేలతా ఉంటే రాఫ్ట్.”

“గట్టెక్కితే ప్లాకు, నీళ్లలో రాఫ్టు. ఒక్క బాతులకే ఇన్ని పేర్లా? వాళ్లకేం పని లేదా?”

“మనకు మాత్రం తక్కువా? చీమలకు బారు, కోతులకు మూక, అరటికాయలకు గెల.”

“ఊరిమీద తిరిగేవాళ్లకు బ్యాచ్, డ్వాక్రా ఆడవాళ్లకు గ్రూపు.”

“అదిగో, మీకే వచ్చేసింది ఇంగ్లీషు. ఇంక నాతో ఏం పని?”

“అట్టా అనబాకండి. ఎగిరేటప్పుడు ఏమంటారో చెప్పలా.”

“మీవి ఎగురుతాయా?”

“ఎగరవు. అయినా ఆఫీసర్లు అడిగితే చెప్పొద్దా?”

“ఏ ఆఫీసర్లు, జీవానందం గారూ?”

“అదే, ఢిల్లీ నుంచి వచ్చేవాళ్లు. బాతులు చూసేదానికి. ఇంగ్లీషు తప్ప మాట్లాడరంట. చెప్పినాను గదా.”

“కోతలప్పుడు చెప్పినారు. కోతలన్నీ అయిపోయె, వాళ్లు ఇంకా రాకపోయె. ఏం, ఢిల్లీ నుంచి నడిచి వస్తావుండారా?”

“వస్తారు, వస్తారు. గవర్నమెంటోళ్లు గదా, నిమ్మళంగా వస్తారు. మరి తోలేదానికి ఏమంటారు?”

“డ్రైవ్. హెర్డ్ అని కూడా అంటారు. చెదిరినవాటిని ఒకచోటికి చేరిస్తే రౌండప్. అన్నిటినీ పోగేసి చూసుకుంటే మస్టర్.”

“మస్టరా! ఉపాధి పనిలో వేసే మస్టరా?”

“అదే.”

“మా కోడలు షారన్ పొద్దున లేస్తే మస్టరు పడిందా లేదా అని కొట్టుకుంటాది. అయితే మనుషులకూ బాతులకూ ఒకటే మాటన్నమాట. తోలేవాడు కనపడాలిగాని, అందరం మందే.”

“బాగా చెప్పినారు. ఏసయ్య గుళ్లో మనల్ని కూడా ఫ్లాకే అంటారు. అయ్యగారు కాపరి, మనం మంద. ఇంకొంచెం మర్యాదగా అనాలంటే కాంగ్రిగేషన్. మన భాషలో సంఘం.”

“ఆ మాట మాత్రం వద్దు టీచరమ్మా. సంఘమంటేనే నాకు చెమటలు పడతాయి.”

“ఏం, గుళ్లో లాజరస్ కూతురి పెళ్లి ప్రకటన చదివిన రోజు జరిగింది ఇంకా మర్చిపోలేదా?”

“ఎట్టా మర్చిపోతాను? అయ్యగారు పిల్ల పేరూ పిల్లోడి పేరూ చదివినారు. ఈ పెళ్లికి ఎవరికన్నా అభ్యంతరముంటే ఇప్పుడే లేచి చెప్పండి అన్నారు. సరిగ్గా అప్పుడే బయట నా బాతులు బెదిరి అరిచినాయి. కుక్క వచ్చిందేమోనని లేచినాను. అంతే! గుడి మొత్తం నా వైపు తిరిగింది.”

“పిల్ల తల్లి అయితే సొమ్మసిల్లి పడిపోయె.”

“నాకేం అభ్యంతరం లేదయ్యా, బాతులయ్యా, బాతులు అంటే నమ్మేవాళ్లేరి?”

“మూడు ఆదివారాలు చదువుతారు గదా. మిగతా రెండు ఆదివారాలూ లాజరస్ మిమ్మల్ని పక్కనే కూర్చోబెట్టుకున్నాడు, చెయ్యి గట్టిగా పట్టుకొని.”

“నవ్వబాకండి టీచరమ్మా. ఇప్పటికీ ఊళ్లో పిల్లకాయలు నన్ను చూస్తే, అభ్యంతరమా తాతా అని అడగతారు.”

“సరే, నవ్వను. ఒకటి అడగతాను, నిజం చెప్పండి. ఈ పక్క వరి కయ్యలు కోసి ఎన్నాళ్లయింది?”

“అయింది... కొన్నాళ్లు.”

“బాతులు తినేదానికి రాలిన గింజ ఉందా? నత్తలుండాయా?”

“యాడో ఒకటి ఉంటాది.”

“పోలేరయ్య తన బాతుల్ని కాలవ అవతలికి తోలుకొనిపోయినాడు. అక్కడ ఇప్పుడే కోతలయినాయంట. మీరొక్కరే రోజూ ఈ ఎండిన దారినే తోలుకొస్తావుండారు. గుడ్లు కొనేదానికి వచ్చే చిట్టి చెప్పింది, మీ బాతులు గుడ్లు పెట్టేది తగ్గించేసినాయని.”

“చిట్టికి నోట్లో నువ్వుగింజ నానదు.”

“బాతుల కడుపు మాడ్చి ఇంగ్లీషు నేర్చుకునే మనిషిని మిమ్మల్నే చూసినాను. ఇన్నేళ్లు పాఠాలు చెప్పినాను, నా క్లాసుకు ఇంత ఇష్టంగా ఎవరూ రాలా.”

“అది... ఆఫీసర్లు...”

“మళ్లీ ఆఫీసర్లు!”

“అది సరే, వరండాలో ఆ సంచి ఏంది టీచరమ్మా? ఊరికి పోతావుండారా?”

“గూడూరుకి. మా తమ్ముడు కిషోర్ బాబు, నిమ్మకాయల వ్యాపారం చేస్తాడే, వాళ్లింటికి. బావ పోయినాక ఒక్కదానివే ఆ ఇంట్లో ఏం చేస్తావక్కా, మా దగ్గరికి వచ్చెయ్యి అని ఒకటే పోరు.”

“మరి... పోయి ఉండిపోతారా?”

“బస్సు వచ్చే టైమయింది.”

“అది కాదు. అక్కడ్నే ఉండిపోతారా?”

“ఏం, నాతో ఏమన్నా పని ఉందా?”

“పనా? లేదు లేదు. ఇంకొక్క మాట అడుగుదామని.”

“అడగండి. అడగందే అమ్మయినా పెట్టదంటారు.”

“ఒక్క బాతే ఉంటే ఏమంటారు?”

“ఒక్కదానికి గుంపు పేరెందుకు? బాతే.”

“మంద లేకుండా ఒంటిగా ఉండేదానికి ఏ పేరూ లేదా?”

“లేదు.”

“మరి రెండుంటే?”

“రెండుంటే పెయిర్. జత.”

“ఆఁ.”

“ఆఁ అంటే?”

“ఏం లేదు. ఆఫీసర్లు అడిగితే...”

“జీవానందం గారూ, బస్సు హారన్ వినిపిస్తావుంది.”

“వినిపిస్తావుంది.”

“గేటు కాడ నుంచి పక్కకు జరగండి. నేను పోవాల.”

“ఆఫీసర్లూ లేరు, ఎవరూ లేరు టీచరమ్మా! నా బాతులు ఢిల్లీలో ఎవరికి కావాల? మా ఇంటామె ఆనందకుమారి పోయినాక ఆ ఇంట్లో నేను మాట్లాడేది బాతులతోనే. కొడుకు పొద్దున కృష్ణపట్నం పోర్టుకు పోతే చీకటి పడినాక వస్తాడు. కోడలికి పనితోనూ పిల్లోడితోనూ సరిపోతాది. మీ గేటు కాడ నిలబడితే నాకు బాగుంటాది. మీరు నవ్వితే ఇంకా బాగుంటాది. మీరు గూడూరు పోతే ఈ దారిలో వాటికీ మేత లేదు, నాకూ మేత లేదు. చెప్పేసినాను. తిట్టాలనుకుంటే తిట్టండి.”

“అయిపోయిందా?”

“అయిపోయింది.”

“ఈ ఒక్క మాట చెప్పేదానికి ఎన్ని మందల పేర్లు చెప్పించినారయ్యా నాతో! మొన్న సింహాలవి కూడా అడిగితిరి.”

“భయం టీచరమ్మా. మీరు కాదంటారనీ, సంఘం నవ్వుతాదనీ.”

“సంఘం సంగతి నాకు వదిలెయ్యండి. మీరు గమ్మున బాతుల్ని కాలవ అవతలికి తోలండి, కడుపునిండా తిననీయండి పాపం. ఆదివారానికి మాత్రం చొక్కా ఇస్త్రీ చేయించుకొని గుడికి రండి.”

“మీరు గూడూరులో ఉంటే, ఇక్కడ నా చొక్కా ఎవరు చూస్తారు?”

“నేను శనివారానికే వచ్చేస్తాను. తమ్ముణ్ణీ మరదల్నీ వెంటపెట్టుకొని. వాళ్లను పిలిచేదానికే నేను పోతావుండేది.”

“పిలిచేదానికా? ఆదివారం గుళ్లో ఏముంది టీచరమ్మా?”

“నిన్ననే అయ్యగారికి మీ పేరూ నా పేరూ ఇచ్చి వచ్చినాను, మొదటి ప్రకటన చదువుతారు. అభ్యంతరముంటే లేవమన్నప్పుడు, బయట బాతులు ఎంత అరిచినా సరే, మీరు మాత్రం లేవబాకండి.”