నిదానంగా నడిచే కంప్యూటరు

1988. తిరుపతిలో కంప్యూటర్లు బిగించి అమ్మే అంగడికి జాతకాలు రాసే ముసలాయన వచ్చాడు.

"ఎట్లాంటిది కావాల స్వామీ?"

"జాతకం తీసేది. బస్టాండు కాడ ఒకడు పెట్టినాడు. నా కాడికి వచ్చేవోళ్లంతా ఆడికే పోతుండారు."

"అట్లయితే కొత్త చిప్పు ఏస్తా. పేరు కొట్టేలోపల జాతకం వచ్చేస్తాది."

"అంత బిరీన వద్దప్పా. పాతది ఉంటే ఎయ్యి."

"పాతది శానా నిదానం. ఆకువక్క నమిలినంత సేపు పడతాది."

"అదే బిగించు."

"బాగుండాదే! అంతసేపు వచ్చినోళ్లు ఊరికే కూర్చుంటారా?"

"ఊరికే యాడ కూర్చుంటారు? కొడుకు సంగతో, ఒంట్లో నొప్పి సంగతో చెప్పుకుంటారు."

"మిషను చెప్తాది గదా, అవన్నీ మీకెందుకు?"

"లెక్కలు మిషను ఏస్తాది. వాళ్ల మాట యినకుండా, వాళ్లకు నేనేం చెప్పేదప్పా?"