డిస్కు ముఖాన బొట్టు

వాకాడు బస్టాండు ఎదురుగా ఉన్న అల్లావుద్దీన్ టీ బంకులో సాయంత్రం పూట పెంచలప్రసాద్ కూర్చున్నాడంటే ఇంకెవరి నోటికీ పనుండదు. ఒకప్పుడు ఆ వీధిలోనే వీడియో స్టూడియో నడిపాడు. చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లిళ్లు తీసి, కంప్యూటర్‌లో డిస్కులు చేసి ఇచ్చేవాడు. సెల్‌ఫోన్లొచ్చాక స్టూడియో మూతబడింది. నోరు మాత్రం మూతబడలేదు.

ఆ రోజు బెంచీ చివర కొత్త మనిషి ఒకాయన కూర్చుని ఉన్నాడు. పేరు హజరత్తయ్య, నాయుడుపేట దిక్కున నాలుగెకరాల వరి రైతు. ఒళ్లో గుడ్డసంచి, అందులో పసుపు గుడ్డలో చుట్టిన డిస్కు. పద్నాలుగేళ్ల కిందట పెంచలప్రసాద్ తీసిన ఆయన కూతురు వాణి పెళ్లి అది. ఇచ్చిన రోజు నుంచీ టీవీలో ఒక్క బొమ్మ పడితే ఒట్టు. ఫోన్ చేసి అడిగితే, "డిస్కు బంగారంలా ఉండాదన్నా, మీ ప్లేయరే మంచిది కాదు" అన్నాడు. ఆ మాట నమ్మి మూడు ప్లేయర్లు మార్చాడు ఆ వెర్రిబాగులాయన.

పెళ్లయిన మరుసటేడే ఆయన భార్య ఇందిరమ్మ పోయింది. ఫోటోలు నాలుగున్నాయి, నాలుగింటిలోనూ బిగుసుకుపోయి నిలబడి ఉంటుంది. నవ్వే ఇందిరమ్మ, మాట్లాడే ఇందిరమ్మ ఉంటే ఆ డిస్కులోనే ఉండాలి. మొన్న మనవరాలు ఫోన్‌లో, "అమ్మమ్మ గొంతు ఎట్టుండేది తాతా?" అని అడిగింది. చెప్పబోయి ఆగిపోయాడు. గుర్తు రాలేదు. ముప్పై ఏళ్లు తనని కేకలేసిన గొంతు గుర్తు రాకపోయేసరికి ఆయనకి నిజంగా భయం వేసింది. అందుకే బస్సెక్కి వాకాడు వచ్చాడు. స్టూడియో లేదు, ఆ మనిషి టీ బంకులో ఉంటాడని చెప్పారు.

వచ్చేసరికి పెంచలప్రసాద్ కథ ఎత్తుకుని ఉన్నాడు. బట్టతలైన హజరత్తయ్యని గుర్తుపట్టనే లేదు. మాట్లాడే మనిషికి అడ్డం పోవడం మర్యాద కాదని ఆయన సంచి పట్టుకుని కూర్చున్నాడు.

"ఈ కాలం పిల్లోళ్లకేం తెలుసు వెంకయ్యా, డిస్కు చేయడమంటే మాటలా? నాయుడుపేట దిక్కున ఒక పెద్ద ఆసామి, నలభై ఎకరాలు, కూతురి పెళ్లి. నన్నే పిలిపించినాడు. పదహార్రోజుల పండగనాటికి డిస్కు చేతికి రావాల, మొగపెళ్లోళ్ల ముందర టీవీలో వేయాల. సరే అని కూర్చున్నా. మొదటి డిస్కు తొంభై ఏడు శాతం దాకా గుర్రం మాదిరి పరిగెత్తింది, ఆడ నిలబడి ఫెయిల్ అనింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. ఇంకొకడైతే కంప్యూటర్ని స్వర్ణముఖిలో పడేసుంటాడు. నేను స్పీడు పదహారు నించి నాలుక్కి దించినా. లెన్సు తుడిచినా. లోపల జాగా చాల్లేదేమోనని పాత పెళ్లిళ్లన్నీ పీకేసినా. ఆ తర్వాత ఏమైందో తెలుసునా?"

"ఏమైందన్నా?" అన్నాడు రొయ్యల గుంటల కాపలాదారు వెంకయ్య.

"ముప్పై డిస్కులు పోయినాయి!"

"ఇందాక మూడన్నావే."

"మూడు కంపెనీలవి ముప్పై. చెప్పేది సరిగ్గా విను ముందు."

హజరత్తయ్యకి ఆ ఆసామి ఎవరో తెలుసుకోవాలనిపించింది. తన నాలుగెకరాల పక్కన అంత భూస్వామి ఎవరున్నారా అని ఊళ్లన్నీ మనసులో తిరిగొచ్చాడు.

"ఆ పెళ్లేమైనా సామాన్యమైన పెళ్లా? తాళి కట్టే టయానికి వాన, పందిరి కూలి వంట గాడిపొయ్యి మీద పడింది. రెండువేల మంది భోజనాలు! పెళ్లికూతురి తల్లి కొంగు బిగించి, గరిట తీసుకుని, అంతమందికీ తానే వడ్డించింది."

హజరత్తయ్య తలెత్తి చూశాడు. పందిరి కూలింది తన ఇంట్లోనే. గరిట పట్టుకుంది ఇందిరమ్మే. తిన్నది మూడువందల మంది. ఆ నలభై ఎకరాల ఆసామి తానేనని తెలిసి ఆయన బిత్తరపోయాడు. కానీ కోపం రాలేదు, ఆశ పుట్టింది. ఇంత గుర్తు పెట్టుకున్నవాడు ఆ పెళ్లిని ఎక్కడో భద్రంగా దాచే ఉంటాడు.

"పదిహేనో రోజు తుఫాను. కరెంటు పొయ్యింది. ఊళ్లో పదకొండు ట్రాక్టర్ల బ్యాటరీలు విప్పించి వరసగా కట్టినా. కంప్యూటరు లేచింది చూడూ, మా స్టూడియో రేకులు లేచినాయి! వేడికి మౌసు పట్టుకుంటే చెయ్యి కాలతాంది. రొయ్యల ఐసు ఒక లారీ తెప్పించి, కంప్యూటర్ని మధ్యలో కూర్చోబెట్టి చుట్టూ పేర్చినా."

"యా అల్లా! తడవలేదా?" అన్నాడు అల్లావుద్దీన్ టీ వడపోస్తూ.

"ఆ వేడికి ఐసు కరిగి నీళ్లయ్యే టయమేదీ భాయ్, ఉత్త పొగ! నాలుగులో పెట్టిన స్పీడు నాలుగొందలైంది. నాలుగొందలు నాలుగువేలైంది. ట్రే తెరుచుకుంది. డిస్కు జుయ్యిమని కిటికీలోంచి బయటికి పొయ్యింది! ఎదురింటి టెంకాయ చెట్ల మీదుగా పోతా పోతా పద్నాలుగు గెలలు కోసింది, ఒక్క మట్ట తెగలేదు. అట్టే కృష్ణపట్నం మీదికి పోతే, రేవులోకొచ్చే ఓడ దీన్ని చూసి హారన్ కొట్టి ఆగి దారిచ్చింది. ఆడి నించి తిరుక్కుని శ్రీహరికోట మీదికి. ఆడోళ్లు దుర్భిణీ పెట్టి చూసి, 'ఇది మనది కాదే, మనదానికన్నా నేరుగా పోతాందే' అని ముక్కున వేలేసుకున్నారంట!"

బెంచీ మీద ఎవరూ టీ తాగడం లేదు. నమ్మి కాదు. ఇంకెంత దూరం పోతాడో చూద్దామని.

"చందమామని ఒక చుట్టు చుట్టి, మళ్లీ అదే కిటికీలోంచి వచ్చి, అదే ట్రేలో కూర్చుంది. లోపలికి పొయ్యింది. నూటికి నూరు శాతం! తిరిగెట్టా వచ్చిందంటావా? అదీ అసలు రహస్యం. బొట్టు మహిమ. నా స్టూడియోలో పసుపూ కుంకుమా పెట్టకుండా ఒక్క డిస్కునీ మిషన్లోకి పంపింది లేదు."

పక్క గదిలో నెట్ సెంటరు నడిపే ఫరీన్, అల్లావుద్దీన్ కూతురు, టీ కోసమొచ్చి కథ వింటూ గుమ్మంలో నిలబడి ఉంది.

"బొట్టు ఏ పక్కన పెట్టేవాడివి ప్రసాదన్నా?"

"అదేం ప్రశ్న మే పిల్లా? మెరిసే పక్కనే! బొట్టు ముఖాన పెడతారా, ఈపున పెడతారా? డిస్కుకి మెరిసేదే గదా ముఖం!"

ఫరీన్ టీ గ్లాసు పక్కన పెట్టేసింది.

"అన్నా... ఆ మెరిసే పక్కనే గదా మిషను రాసేది! కుంకుమ అడ్డమొస్తే యాడ రాస్తుంది? బొట్టున్న చోటికి వచ్చి ఆగిపోతుంది. ముప్పై డిస్కులూ అందుకే పోయినాయి."

పెంచలప్రసాద్ నోరు తెరిచాడు, మాట రాలేదు. ఆయన నోరు తెరిచి మాట రాకపోవడం వాకాడులో అదే మొదలు.

హజరత్తయ్య పసుపు గుడ్డ విప్పాడు. డిస్కు మెరిసే ముఖం మీద, అంచుకి దగ్గరగా, నల్లబడిపోయిన కుంకుమ బొట్టు. దాని పక్కన ఇంకోటి, ఇంకోటి, మొత్తం పదమూడు.

"మొదటిది నువ్వు పెట్టిందే నాయనా. మంచిదేమోననుకుని ఇందిరమ్మ తద్దినానికి ఏటా నేనూ ఒకటి పెడతా వచ్చినా. ఆ నలభై ఎకరాల ఆసామిని నేనే."

పెంచలప్రసాద్ అప్పటికి గుర్తుపట్టాడు. "హజరత్తన్నా..." అన్నాడు.

"అసలు టేపు ఉండాదా?" అడిగింది ఫరీన్.

"దాని మీద ఇంకో పెళ్లి తీసినా." మొదటిసారి పెంచలప్రసాద్ గొంతు చిన్నదైంది. "పండగ వచ్చేసింది. ఆఖరి డిస్కు కూడా ఫెయిలైంది. తల కొట్టేసినట్టయి, ప్లేయరు మీదికి తోసేసినా."

మూడు ప్లేయర్లు, పదమూడు బొట్లు! తన చేత్తో తానే ఇందిరమ్మ నోటికి అడ్డం పెట్టుకున్నట్టు అనిపించి హజరత్తయ్యకి ఏడుపొచ్చింది.

"ఏడవబాకు పెదనాన్నా," అంది ఫరీన్. "మిషను లోపలి నించి బయటికి రాసుకుంటా పోతుంది. మొదటి బొట్టు అంచు దగ్గరుండాది, చిన్న పెళ్లిళ్లు ఆడిదాకా రావు గాబట్టే అవి బతికినాయి. దానికి ముందర రాసింది ఉంటే ఉండొచ్చు. సగంలో ఆగింది గాబట్టి టీవీకి చదవను రాదు. కంప్యూటర్‌కి రావచ్చు, చూద్దాం."

తడి దూదితో మధ్య నుంచి అంచుకి మెల్లగా తుడిచింది. కడపటి బొట్టు కూడా పోయింది. అందరూ నెట్ సెంటర్లోకి తోసుకొచ్చారు. పాత కంప్యూటరు ట్రే డిస్కుని మింగి గురగురమంది. ఫరీన్ ఏదేదో నొక్కింది. చాలాసేపు నల్లటి తెర. తర్వాత వాన, కూలిన పందిరి, అరిటాకుల బంతి. గరిట పట్టుకుని ఇందిరమ్మ!

హజరత్తయ్య తెర దగ్గరికి జరిగాడు.

బొమ్మలో కెమెరా వెనక నుంచి ఒక పడుచు గొంతు గొప్పగా చెబుతోంది: "...డిస్కు కిటికీలోంచి ఎగిరి పొయ్యింది పెద్దమ్మా, టెంకాయ చెట్టు మీద రెండు కాయలు కోసేసింది..."

అందరూ ఒక్కసారిగా పెంచలప్రసాద్ వైపు తిరిగారు.

"అదేందన్నా!" వెంకయ్య నిర్ఘాంతపోయాడు. "ఈ పెళ్లి డిస్కు చేసేటప్పుడు గదా ఎగిరింది? పెళ్లి బంతిలోనే ఎట్టా చెప్తన్నావు?"

జవాబు బొమ్మలోంచే వచ్చింది. ఇందిరమ్మ గరిట ఎత్తి కెమెరా ముఖాన ఊపింది.

"ఆపు నాయనా నీ కోతలు! మొన్న మా చెల్లెలింట్లో చెప్పినప్పుడు చెట్టుకి తగిలి కింద పడిందంటివే! నోరు మూసుకోని ముందు అన్నం తిను, చల్లారిపోతాంది."

అని పకపకా నవ్వింది. ఆ నవ్వు మీదే బొమ్మ నిలిచిపోయింది. పెంచలప్రసాద్ పెట్టిన బొట్టు అక్కడే ఉండేది కాబోలు.

గది గదంతా గొల్లుమంది. పెంచలప్రసాద్ తల దించుకుని, చేతులు జోడించి, "చల్లారినాకే తిన్నా పెద్దమ్మా ఆ రోజు, నీ మాట విననేలేదు," అన్నాడు తెర వైపు చూస్తూ. ఆయన కళ్లు తడిశాయి. అది కోత కాదని అందరికీ తెలిసింది.

హజరత్తయ్య నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఆయనకే తెలియడం లేదు. జేబులోంచి ఫోన్ తీసి మనవరాలికి చేశాడు.

"ఇంకొక్కసారి పెట్టమ్మా," అన్నాడు ఫరీన్‌తో, ఫోన్‌ని స్పీకర్ దగ్గర పెట్టి.

"నోరు మూసుకోని ముందు అన్నం తిను!" అంది ఇందిరమ్మ.

"ఇట్టుండేదమ్మా," అన్నాడు హజరత్తయ్య.