అచ్చుగుద్దిన కాలు

ఖాజాగూడ దగ్గర ఓ చిన్న కంపెనీ. ఎముకల ఆపరేషన్లలో డాక్టర్లకు దారి చూపే కంప్యూటరు తయారుచేసే గదిలో హర్షిణి, సాయిచంద్ ఉన్నారు. కాసేపటికి ఆఫీసు వంటగది చూసుకునే బుచ్చమ్మ వచ్చింది.

“మళ్లీ చదువు సాయీ. మెల్లగ చదువు.”

“మిల్లీమీటరు తేడా కూడా లేదు హర్షిణీ. ఒక్క మిల్లీమీటరు కూడా.”

“ఇంకోసారి.”

“ఎన్నిసార్లు చదవను? గొంతు ఎండిపోతోంది.”

“ఎండనియ్. మాంసం కొయ్యలే, ఏం చెయ్యలే. కాలు పైన అల్ట్రాసౌండ్ ప్రోబ్ ఆనిస్తే లోపలి ఎముక అంచు దొరికింది. దొరికింది దొరికినట్టు పోయి ముందుగాల తీయించిన సీటీ స్కాన్ బొమ్మ మీద కూసున్నది. మనం మొదలువెట్టిన కాన్నుంచి ఒక్కసారన్న గిట్ల కూసున్నదా?”

“లేదు. నిన్న కూడా పక్కకి పోయింది.”

“మరి ఇయ్యాల ఏం చేసినవ్?”

“ఏం చెయ్యలేదు.”

“ఏం చెయ్యకుంటనే?”

“చిన్న చిన్నవి. అవి తర్వాత. ముందు స్వీట్లు.”

“స్వీట్లు నువ్వే తేవాలె. సీటీ తీయించింది నేను. స్కానింగ్ సెంటర్ల మేక కాలు ఒళ్లె పెట్టుకొని కూసుంటె ఎట్లుంటదో తెల్సా నీకు?”

“పేషంటు పేరు ఏం చెప్పావు?”

“మేక అనే చెప్పిన. ‘మేక గారు ఎవరండీ’ అని పిలిచిండు. నేను లేసిన.”

“నువ్వు లేచావా?”

“మరి కాలు లేస్తదా?”

“అబ్బా, నవ్వించకు, ప్రోబ్ జారిపోతోంది. డాక్టర్ భాస్కర్ గారికి చెప్పావా?”

“చెప్పిన. నల్లగండ్ల కాన్నుంచి బయలెల్లిండు. కండ్లార చూస్తడంట. నిజమైతే మోకాలి ఆపరేషన్ల పెట్టి చూస్తనన్నడు. మనిషికి, సాయీ. మేకకు కాదు.”

“నాకిప్పుడు డాన్స్ చెయ్యాలనుంది.”

“చెయ్. కింద జెల్లీ పడ్డది, చూస్కో.”

“ఏంది బిడ్డా గీ నవ్వులు? వంటగది దాంక ఇనొస్తున్నయ్.”

“రా పెద్దమ్మా, రా. గీ కాలు చూడు. మా మిషన్ పాసైంది.”

“మంచిగైంది బిడ్డా. తాజాదే ఇచ్చిండు గదా?”

“ఎవలు?”

“మూసాపేట మటన్ దుకాణపాయన. పొద్దుగాల వచ్చేటప్పుడు తెచ్చిన.”

“ఏ కాలు బుచ్చమ్మ గారూ?”

“గదే సారూ, మీ ముంగట ఉన్నది.”

“పెద్దమ్మా, జర ఆగు. ఫ్రిజ్‌ల మా కాలు ఉండె. నీలం కవర్ల.”

“ఉండె. మంగళారం సంది ఉన్నది, ఖరాబైతదని నాకు పానం ఒప్పలే. మా ఐలయ్యకు మోకాళ్ల నొప్పులాయె, నిన్న షోర్వా చేసి తాపిన. మీకు తక్కువ కావద్దని గదే కవర్ల కొత్తది పెట్టిన. ఏమన్న తప్పైందా బిడ్డా?”

“నీదేం లేదు పెద్దమ్మా. నువ్వు కూసో.”

“అయితే ఏంటి హర్షిణీ? ఇది కూడా మేక కాలేగా. అదీ కుడి కాలే, ఇదీ కుడి కాలే.”

“వేరే మేక సాయీ. నేను సీటీ తీయించిన కాలును ఐలయ్య పెదనాయిన తాగిండు. మరి గీ కాలు దాని బొమ్మ మీద ఎట్ల కూసున్నది? పొద్దుగాల ఏం మార్చినవ్?”

“చిన్నదే.”

“సాయీ.”

“కుదరకపోతే సీటీ బొమ్మని కాస్త సాగదీసుకోమని మిషన్‌కి చెప్పా. కాస్తే. కుదిరేదాకా.”

“కుదిరేదాంక.”

“డాక్టర్ గారు ఖాజాగూడ చెరువు దాకా వచ్చేసి ఉంటారు. ఇవాళ్టికి చూసి వెళ్లనిద్దాం. ఆయన వెళ్లగానే నేను సరిచేసేస్తా. ఎవరికి తెలుస్తుంది?”

“ఫోనియ్.”

“స్వీట్లు కూడా ఆర్డర్ పెట్టేశా.”

“ఫోనియ్ సాయీ. హలో, సార్, నేను హర్షిణిని. జర బండి పక్కకు ఆపండి సార్. ఇందాక సంబురంల తప్పు చెప్పిన. మా మిషన్ ఎవరి కాలు పెట్టినా సరిపోయిందనే అంటున్నది. దీన్ని మీ పేషంటు దగ్గరికి రానియ్యకండి.”